మూలం మౌనంగా ఉన్నచోట: బైబిలు, చారిత్రక నవలలు పాఠకుణ్ణి ఎందుకు పట్టి ఉంచుతాయి?

సంక్షిప్తంగా: బైబిలు ఇతివృత్తాలతోను, చరిత్ర ఆధారంగాను వచ్చే నవలలకు ఆదరణ తగ్గకపోవడానికి భక్తి, గతం మీది మమకారం మాత్రమే కారణాలు కావు. మూలగ్రంథమో, చారిత్రక ఆధారమో కొంత చెప్పి, మిగతాది చెప్పకుండా వదిలేసిన చోట ఈ నవలలు పుడతాయి. చెప్పినదాన్ని మార్చకుండా చెప్పనిదాన్ని నింపడం వీటి ప్రధాన నియమం. పాఠకుడి ఆనందానికి మూలం ఆ నియమమే. కల్పించిన వివరాన్ని చరిత్రగా గుర్తుంచుకునే ప్రమాదం కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఈ తరహా నవల పూర్తి చేసిన పాఠకుడికి సాధారణంగా రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఇందులో నిజంగా జరిగినది ఎంత అన్నది మొదటిది. కథ ముందే తెలిసినప్పుడు ఇన్ని వందల పేజీలు వదలకుండా చదివించినది ఏమిటన్నది రెండోది. ఈ రెండింటినీ విడివిడిగా చర్చించడం పరిపాటి అయినా, రెండింటి జవాబూ ఒకే చోట ఉంది. అది తెలియాలంటే ముందు మూలగ్రంథం కథ చెప్పే తీరును దగ్గరగా చూడాలి.

మోరీయా దారిలో మూడు రోజులు

అతి క్లుప్తంగా చెప్పిన కథను తెలుగులో ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అంటారు. పాత నిబంధనలోని చాలా కథల నడక అలాంటిదే. ఆదికాండము 22వ అధ్యాయంలో అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వడానికి మోరీయా దేశానికి బయలుదేరతాడు. తెల్లవారుజామున లేచాడని, గాడిదకు గంత కట్టాడని, కట్టెలు చీల్చాడని, ఇద్దరు పనివాళ్లను వెంటబెట్టుకున్నాడని గ్రంథం చెబుతుంది. ఆ వెంటనే మూడో రోజు కనులెత్తి దూరం నుంచి ఆ చోటు చూశాడని ఉంటుంది. నడుమ గడిచిన సమయంలో తండ్రి ఏమి ఆలోచించాడో, రాత్రి ఎక్కడ పడుకున్నారో, పనివాళ్లకు అనుమానం వచ్చిందో లేదో ఒక్క మాట లేదు. కొండ ఎక్కుతున్నప్పుడు కొడుకు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: నిప్పు ఉంది, కట్టెలు ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది? తండ్రి ఒక్క వాక్యంలో జవాబు చెబుతాడు. వారిద్దరూ కలిసి నడిచి వెళ్లారని గ్రంథం ముగిస్తుంది.

మౌనం అక్కడితో ఆగదు. అంతా అయిపోయాక అబ్రాహాము పనివాళ్ల దగ్గరకు తిరిగి వచ్చాడని 19వ వచనం చెబుతుంది గాని, ఇస్సాకు వెంట వచ్చాడో లేదో చెప్పదు. తల్లి శారా ఆ అధ్యాయంలో ఎక్కడా కనిపించదు. తరువాతి అధ్యాయం ఆమె 127 ఏళ్ల వయసులో చనిపోయిందన్న వార్తతో మొదలవుతుంది. కొడుకును బలికి తీసుకువెళ్లారన్న కబురు విని ఆమె గుండె ఆగిందని తరువాతి కాలపు యూదు వ్యాఖ్యాన సంప్రదాయం ఈ రెండు అధ్యాయాలనూ ముడివేసింది. గ్రంథంలో ఆ ముడి లేదు. పక్కపక్కన ఉన్న రెండు అధ్యాయాల నడుమ ఖాళీ మాత్రమే ఉంది. ఆ ఖాళీని చూసినవాడు దాన్ని నింపకుండా ఉండలేకపోయాడు.

సాహిత్య విమర్శకుడు ఎరిక్ ఔర్‌బాక్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇస్తాంబుల్‌లో తలదాచుకుని రాసిన, 1946లో అచ్చయిన గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రాచీన గ్రీకు కవి హోమర్ కథన పద్ధతితో పోల్చాడు. ఒడిస్యూస్ కాలి మీది మచ్చను ముసలి దాది గుర్తుపట్టే చోట హోమర్ కథ ఆపి, ఆ మచ్చ ఎప్పుడు, ఎక్కడ, ఎలా వచ్చిందో తీరికగా చెబుతాడు. అక్కడ ప్రతి వస్తువు మీదా వెలుగు పడుతుంది. ఆదికాండములో మాత్రం అవసరమైన నాలుగు గీతలే కనిపిస్తాయి, మిగిలినదంతా చీకట్లో ఉండి ఆ గీతల మీద బరువు మోపుతుంది. ఔర్‌బాక్ చేసిన ఈ భేదం నవలకు సంబంధించిన ఒక విషయాన్ని తేల్చి చెబుతుంది. హోమర్ కథను తిరిగి రాయాలనుకునే రచయితకు వివరాల కొరత లేదు. బైబిలు కథను తిరిగి రాయాలనుకునే రచయితకు దాదాపు ప్రతి వచనం తరువాతా చోటు దొరుకుతుంది.

ఒక్క వచనంలో వచ్చి వెళ్లేవారు

బైబిలు నవలల్లో ప్రధాన పాత్రలుగా కనిపించేవారిలో చాలామంది మూలంలో ప్రధానులు కారు. సిలువను మోసిన కురేనీయుడైన సీమోను ఒక్క వచనంలో వచ్చి వెళతాడు. అతడు అలెక్సంద్రుకు, రూఫుకు తండ్రి అని మార్కు సువార్త ప్రత్యేకంగా చెబుతుంది. తొలి శ్రోతలకు ఆ కొడుకులు తెలిసినవారై ఉండవచ్చని పండితులు దాన్నిబట్టి ఊహిస్తారు. ప్రధానయాజకుని దాసుడు మల్కు చెవి తెగిన సంగతి ఉంది, ఆ తరువాత అతడు ఏమయ్యాడో లేదు. తాను కన్న కల గురించి పిలాతుకు కబురు పంపిన అతని భార్య మత్తయి సువార్త 27వ అధ్యాయం 19వ వచనంలో తప్ప మరెక్కడా లేదు, ఆమె పేరూ లేదు. యేసుకు బదులుగా విడుదలైన బరబ్బ జనంలో కలిసిపోయి మళ్లీ కనిపించడు. 1951లో నోబెల్ బహుమతి పొందిన స్వీడిష్ రచయిత పేర్ లాగర్‌క్విస్ట్ అంతకు ముందటి ఏడాది వెలువరించిన నవల సరిగ్గా అక్కడి నుంచి మొదలవుతుంది: మరొకడి చావు వల్ల బతికిపోయిన మనిషి ఆ బతుకును ఏమి చేసుకుంటాడు?

స్త్రీపాత్రల విషయంలో ఈ ఖాళీ ఇంకా పెద్దది. నోవహు భార్యకు, లోతు భార్యకు, యోబు భార్యకు, యెఫ్తా కుమార్తెకు గ్రంథంలో పేర్లు లేవు. యాకోబు కుమార్తె దీనాకు పేరుంది గాని మాట లేదు. ఆదికాండము 34వ అధ్యాయమంతా షెకెము అనే యువకుడు ఆమెను చెరచడం చుట్టూ తిరుగుతుంది. తండ్రి మౌనంగా ఉంటాడు, అన్నదమ్ములు మాట్లాడతారు, ఒక పట్టణం మగవాళ్లంతా హతమవుతారు. దీనా నోట మాత్రం ఒక్క మాట రాదు. 1997లో వచ్చిన ‘ది రెడ్ టెంట్’ నవల ఆమె గొంతుతోనే నడుస్తుంది. ఆ నవల చేసిన కల్పనతో విభేదించిన పాఠకులు కూడా, మూల అధ్యాయంలో ఆమె మాట్లాడలేదన్న సంగతిని ఆ తరువాత మరచిపోలేరు.

ఈ పని ఆధునికులు కొత్తగా మొదలుపెట్టినది కాదు. యోసేపు ఐగుప్తులో పెళ్లాడిన ఆసెనతు గురించి ఆదికాండము ఆమె పేరు, ఆమె తండ్రి యాజకుడన్న సంగతి, ఆమె ఇద్దరు కొడుకులను కన్నదన్న సంగతి తప్ప మరేమీ చెప్పదు. ఇశ్రాయేలు వంశీకుడు అన్యదేవతల పూజారి కూతుర్ని ఎలా పెళ్లాడాడన్న సందేహం నుంచి గ్రీకు భాషలో ఒక పూర్తి కథ పుట్టింది. గోపురంలో ఉండే ఆ పిల్ల యోసేపును చూసి మనసు మార్చుకుని, తన విగ్రహాలను పగలగొట్టి కిటికీలోంచి పారవేసే ఆ కథ దాదాపు రెండు వేల ఏళ్ల నాటిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రామాయణంలో లక్ష్మణుడు అడవికి వెళ్లాక ఊర్మిళ ఏమైందో వాల్మీకి చెప్పని చోట తెలుగు స్త్రీలు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట కట్టుకోవడం కూడా ఇదే కోవలోనిది. పవిత్రగ్రంథం ఎంత గౌరవనీయమైతే, అందులో మాట దక్కనివారి మీద అంత శ్రద్ధ పుడుతుంది.

చరిత్ర నవలకు ఉన్న కంచె

చారిత్రక నవల ఆధునిక రూపం 1814లో వాల్టర్ స్కాట్ పేరు లేకుండా ప్రచురించిన ‘వేవర్లీ’తో స్థిరపడిందని సాహిత్య చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. అరవై ఏళ్ల కిందటి కథ అని ఆ నవల ఉపశీర్షికే చెబుతుంది, కథాకాలం 1745 నాటి జాకొబైట్ తిరుగుబాటు, అంటే సింహాసనం కోల్పోయిన స్టువర్ట్ రాజవంశం తరఫున బ్రిటన్‌లో జరిగిన తిరుగుబాటు. స్కాట్ పేరిట ఇప్పుడు ఇచ్చే చారిత్రక నవలా పురస్కారానికి కథాకాలం కనీసం అరవై ఏళ్లు వెనకటిదై ఉండాలన్న నిబంధన అక్కడి నుంచి వచ్చినదే. రచయిత స్వానుభవం అందుకోలేని, తాత చెప్పిన మాట మాత్రం ఇంకా చెవిలో ఉండే దూరం అది.

స్కాట్ కథానాయకుడు రాజు కాడు, సేనాని కాడు. రెండు పక్షాల మధ్య ఊగిసలాడే మామూలు యువకుడు. హంగేరియన్ విమర్శకుడు గ్యోర్గీ లూకాచ్ 1930లలో చారిత్రక నవల మీద రాసిన గ్రంథంలో ఈ ఎంపికను ప్రత్యేకంగా విశ్లేషించాడు. మధ్యస్థంగా ఉండే మనిషిని నాయకుణ్ణి చేస్తే అతడు రెండు శిబిరాలకూ వెళ్లగలడు, రెండు వైపుల మనుషులతోనూ భోజనం చేయగలడు, సంఘర్షణ అతని జీవితం గుండా పాఠకుడికి కనిపిస్తుంది. మహాపురుషులు పక్కన ఉండి, అవసరమైన ఘట్టాల్లో మాత్రమే ప్రవేశిస్తారు.

బైబిలు నవలాకారుడు కూడా సరిగ్గా ఇలాంటి నాయకుణ్ణే ఎంచుకుంటాడు, కాని కారణం వేరు. చరిత్ర నవలకు హద్దు ఆధారం. ఒక రాజు ఫలానా రోజున ఫలానా చోట ఉన్నాడని పత్రం చెబుతుంటే అతణ్ణి మరో చోట పెట్టడం కుదరదు. బైబిలు నవలకు ఆ హద్దుతో పాటు భయభక్తుల హద్దు కూడా ఉంది. విశ్వాసి అయిన పాఠకుడికి యేసు నోట కల్పించిన సంభాషణ పెట్టడం సాహిత్య దోషంగా కాక అంతకంటే పెద్ద అపరాధంగా కనిపించవచ్చు. అందుకే అక్కడ కథ సైనికుడి మీదుగా, దాసుడి మీదుగా, పొరుగింటి స్త్రీ మీదుగా నడుస్తుంది. ఒకచోట ఆధారం పెట్టిన నిబంధన, మరోచోట భక్తి పెట్టిన నిబంధన ఒకే నవలా రూపానికి దారితీశాయి. ఈ రెండు శాఖలనూ ఒకే పాఠకుడు ఇష్టపడటం అందుకే సహజం.

సొరంగంలో వినిపించిన గొంతు

బైబిలు, చరిత్ర ఎక్కడ కలుస్తాయో, నవలకు ఎంత చోటు మిగులుస్తాయో ఒక్క ఉదాహరణలో చూడవచ్చు. యూదా రాజు హిజ్కియా కొలను, కాలువ చేయించి పట్టణంలోకి నీళ్లు రప్పించాడని రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయం ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతుంది. యెరూషలేములో గిహోను ఊట నుంచి సిలోయము కొలను వరకు రాతిలో తొలిచిన సొరంగం ఈనాటికీ ఉంది. దాని పొడవు సుమారు 533 మీటర్లు. 1880లో ఆ సొరంగం గోడ మీద ఆరు పంక్తుల ప్రాచీన హెబ్రీ శాసనం బయటపడింది. దాన్ని సాధారణంగా క్రీ.పూ. 8వ శతాబ్ది చివరి కాలానిదిగా పరిగణిస్తారు. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది.

ఆ శాసనంలో రాజు పేరు లేదు. అది రాళ్లు తొలిచినవాళ్ల గురించి చెబుతుంది. రెండు బృందాలు రెండు కొసల నుంచి తొలుచుకుంటూ వచ్చాయి. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా, బండకు అవతలి నుంచి ఒక మనిషి తన తోటివాణ్ణి పిలుస్తున్న గొంతు వినిపించింది. తొలవడం పూర్తయిన రోజున మనిషికి ఎదురుగా మనిషి, గొడ్డలికి ఎదురుగా గొడ్డలి తగిలాయి. నీళ్లు 1200 మూరల దూరం పారాయి.

గ్రంథం రాజును చెప్పింది, శాసనం గొంతును చెప్పింది, ఆ గొంతు ఎవరిదో రెండూ చెప్పలేదు. అతడి వయసు, అతడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన రాతి ధూళి, దారి తప్పామేమోనన్న భయం, అష్షూరు సైన్యం వస్తున్నదన్న వదంతి ఆ చీకట్లోకి ఎలా చేరిందో, ఇవన్నీ నవలాకారుడి వంతు. చరిత్రకారుడు దీపం నూనె మసి ఎక్కడ ఉందో, ఉలి దెబ్బల దిశ ఎటు మారిందో కొలిచి చెప్పగలడు. ఆ దిశ మార్చిన మనిషి చేతులు వణికాయో లేదో చెప్పలేడు, చెప్పకూడదు కూడా. కవి జరగగలిగినదాన్ని చెబుతాడు, చరిత్రకారుడు జరిగినదాన్ని చెబుతాడు అని అరిస్టాటిల్ చేసిన విభజన ఇలాంటి చోట పాఠ్యపుస్తకం మాటలా కాక, చేతితో తాకగలిగే రాతి గోడలా కనిపిస్తుంది.

ముగింపు తెలిసినా ఉత్కంఠ

ఇక రెండో ప్రశ్న. సిలువ కథ ఎలా ముగుస్తుందో తెలియని బైబిలు పాఠకుడు ఉండడు. ఇంగ్లండు రాణి ఆన్ బొలీన్‌కు 1536లో, ఆమె పతనంలో ముఖ్యపాత్ర వహించిన రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు 1540లో శిరచ్ఛేదం జరిగిందని ముందే తెలిసినవారే హిలరీ మాంటెల్ నవలలను ఎక్కువగా చదివారు. క్రామ్‌వెల్ మీద ఆమె రాసిన మొదటి రెండు నవలలకు 2009లోను, 2012లోను బుకర్ బహుమతి వచ్చింది.

తెలిసిన కథలోనూ ఉత్కంఠ పుడుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ గెరిగ్ 1980ల చివర ప్రయోగాలతో చూపాడు. చదువుతున్న క్షణంలో మనసు కథలోని వర్తమానంలో ఉంటుంది, తెలిసిన ముగింపు అందుకు అడ్డు రాదు. ముగింపు ముందే చెప్పినా చిన్న కథల మీద ఇష్టం తగ్గలేదని, పైగా కొంత పెరిగిందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. తరువాతి అధ్యయనాల ఫలితాలు ఒకేలా రాలేదు కాబట్టి దాన్ని సూత్రంగా తీసుకోవడం సరికాదు.

అయినా చారిత్రక నవలకు వర్తించే మరో కారణం ఉంది. ముగింపు తెలిసినప్పుడు పాఠకుడి దృష్టి ‘ఏమవుతుంది’ నుంచి ‘ఎలా అక్కడికి చేరింది’ వైపు మళ్లుతుంది. పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలుసు. క్రామ్‌వెల్ ఒక శత్రువును వదిలేసిన ప్రతి చోటా, ఒక స్నేహితుణ్ణి నమ్మిన ప్రతి చోటా పాఠకుడు లోలోపల ఆపాలనుకుంటాడు. ఆ నిస్సహాయతే ఇక్కడ ఉత్కంఠ. గ్రీకు విషాద నాటకాల ప్రేక్షకులకు కథలు తెలిసి ఉండటం ఆ నాటకాలకు లోటు కాకపోగా బలం అయింది. వీథి నాటకంలోనో, హరికథలోనో ఎరిగిన కథనే మళ్లీ కూర్చుని విన్న శ్రోతకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

పైకప్పు పెంకు

సిలోయము శాసనం బయటపడిన 1880లోనే అమెరికాలో ‘బెన్-హర్’ అచ్చయింది. దాని రచయిత లూ వాలస్ అంతర్యుద్ధంలో సేనాని. 1876లో రైలు ప్రయాణంలో ప్రసిద్ధ నాస్తిక వక్త రాబర్ట్ ఇంగర్‌సాల్‌తో జరిగిన సంభాషణ తన అజ్ఞానాన్ని తనకు చూపిందని, ఆ సిగ్గుతోనే చదవడం మొదలుపెట్టానని ఆయన తరువాత రాసుకున్నాడు. నవల రాసేనాటికి ఆయన యెరూషలేము చూడలేదు. పటాలు, గ్రంథాలు ముందు పెట్టుకుని రాశాడు.

వాలస్ పద్ధతి ఈ ప్రక్రియకు మంచి నమూనా. కథానాయకుడు యూదా తన మిద్దె మీద నుంచి ఊరేగింపు చూస్తూ ముందుకు వంగుతాడు, చేయి తగిలి ఒక పెంకు ఊడి కొత్త రోమన్ అధికారి గ్రాటస్ మీద పడుతుంది. అక్కడి నుంచి కుటుంబమంతా నాశనమవుతుంది. పెంకు కల్పన, యూదా కల్పన. గ్రాటస్ మాత్రం నిజమైన మనిషి. పిలాతుకు ముందు యూదయను పాలించిన వలేరియస్ గ్రాటస్ గురించి యూదు చరిత్రకారుడు జోసీఫస్ కొద్ది వాక్యాల్లో, ముఖ్యంగా ప్రధానయాజకులను వరసగా మార్చిన సంగతి మాత్రమే రాశాడు. ఇంచుమించు ఖాళీగా ఉన్న ఒక అసలు పేరుకు వాలస్ తన కథను తగిలించాడు.

యేసు విషయంలో మాత్రం ఆయన చాలా జాగ్రత్తపడ్డాడు. ఆ నోట వచ్చే మాటలు సువార్తలలోనివే కావాలని నియమం పెట్టుకున్నాడు. నజరేతు బావి దగ్గర బందీగా వెళుతున్న యూదాకు ఒక యువకుడు నీళ్లు తాగిస్తాడు, ఒక్క మాట కూడా మాట్లాడడు. నవలలంటే అనుమానంగా చూసే ఇళ్లలోకి కూడా ఈ పుస్తకం వెళ్లగలిగిందంటే, ఆ మౌనానికి అందులో గణనీయమైన పాత్ర ఉంది.

గుర్తుండిపోయేది ఏది?

ఇక్కడే సమస్య మొదలవుతుంది. ‘బెన్-హర్’ వల్ల, దాని ఆధారంగా వచ్చిన చిత్రాల వల్ల రోమన్ యుద్ధనౌకల్లో తెడ్లు వేసేవారంటే గొలుసులతో కట్టేసిన శిక్షపడ్డ బానిసలు అన్న బొమ్మ లోకంలో నాటుకుపోయింది. రోమన్ నౌకాదళంలో ఆ పని సాధారణంగా జీతం తీసుకునే స్వేచ్ఛాజీవులది. నవల చదివినవారిలో గ్రాటస్ పేరు గుర్తున్నవారు కొద్దిమందే, గొలుసులు గుర్తున్నవారే ఎక్కువ. నిజమైన పేరు మసకబారి, కల్పించిన దృశ్యం నిలిచిపోయింది.

జ్ఞాపకం పనిచేసే తీరు ఇందుకు కారణం. కథల మధ్య తప్పుడు సమాచారం కలిపి చదివిస్తే, తరువాతి సాధారణ విజ్ఞాన పరీక్షలో పాఠకులు ఆ తప్పులనే జవాబులుగా రాయడాన్ని ఎలిజబెత్ మార్ష్, ఆమె సహచరులు 2003లో వెల్లడించారు. కథలో తప్పులుండవచ్చని ముందుగా హెచ్చరించినా ఆ ప్రభావం పోదని 2006 నాటి మరో అధ్యయనం తేల్చింది. కథలో ఎంతగా లీనమైతే అందులోని నమ్మకాలు అంతగా అంటుకుంటాయని 2000లో మెలనీ గ్రీన్, టిమతీ బ్రాక్ చేసిన పరిశోధన అంతకుముందే చూపింది. ఈ నవలలను ఆకర్షణీయం చేసే లీనతే తప్పును లోపలికి తీసుకువెళ్లే దారి కూడా.

అన్ని తప్పులూ ఒకే తూకానివి కావు. తూర్పు జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు, వారు రాజులనీ అనలేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు, పేర్లు తరువాత వచ్చాయి. ఆదికాండములో ఏవ తిన్నది ఆపిలు అని లేదు, ఫలము అని మాత్రమే ఉంది. ఇవి శతాబ్దాల వాడుకలో పేరుకున్న వివరాలు, వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. 2003లో వచ్చిన ‘ది డావిన్చీ కోడ్’ సంగతి వేరు. ఆ నవల మొదటి పుటలోనే వాస్తవం అన్న శీర్షిక పెట్టి, ప్రయరీ ఆఫ్ సియోన్ 1099లో స్థాపితమైన నిజమైన రహస్య సంఘమని ప్రకటించింది. ఆ పేరుతో ఫ్రాన్స్‌లో సంఘం నమోదైనది 1956లో. దాని ప్రాచీనతకు సాక్ష్యంగా చూపిన పత్రాలు నకిలీవి. కల్పన చేయడం నవలాకారుడి హక్కు. కల్పనను వాస్తవమని ముద్ర వేసి ఇవ్వడం పాఠకుడితో చేసుకున్న ఒప్పందాన్ని ఉల్లంఘించడమే.

రచయిత గమనిక చేసే పని

ఈ కారణంగానే చారిత్రక నవలల చివర రచయిత గమనిక అన్నది క్రమంగా స్థిరపడింది. ఏ పాత్ర నిజం, ఏ సంఘటన తేదీ జరిపారు, ఎక్కడ ఆధారాలు విభేదిస్తాయి అన్నది అందులో ఉంటుంది. కొందరు దాన్ని నవల మాయను చెరిపేసే అనుబంధంగా భావించి దాటేస్తారు. నిజానికి నవలకు కంచె ఎక్కడ ఉందో చూపేది అదే. కంచె తెలిసినప్పుడు రచయిత దాని లోపల ఎంత నేర్పుగా కదిలాడో తెలుస్తుంది. పెంకు కల్పన అని, గ్రాటస్ నిజమని తెలిసినవాడికే ఆ రెండింటినీ కలిపిన అతుకు అందం కనిపిస్తుంది.

పాఠకుడు ఏ ఉద్దేశంతో వస్తాడన్నదాన్నిబట్టి ప్రభావమూ మారుతుంది. విశ్వాసంతో చదివేవారికి బైబిలు నవల ఎరిగిన వచనానికి శరీరం ఇస్తుంది. కురేనీయుడైన సీమోను భుజం మీద సిలువ బరువు ఒకసారి చదివాక ఆ ఒక్క వచనం మునుపటిలా సాగిపోదు. అదే నవల కొందరికి గ్రంథం బదులుగా నిలిచిపోయే ప్రమాదమూ ఉంది. విశ్వాసంతో నిమిత్తం లేని పాఠకుడికి రోమన్ పన్నులు, దేవాలయపు బలులు, ఎడారి దారులు ఒక పోయిన లోకాన్ని నిలబెడతాయి. అతడు ఆ లోకాన్ని తన కాలపు విలువలతో తూచే అవకాశం ఉంది. ప్రాచీన స్త్రీ నోట ఆధునిక వాదన పలికించిన నవలలు చదవడానికి సులువుగా ఉంటాయి, అందుకే వేగంగా పాతబడతాయి కూడా. తన కాలపు భయాలతో, తన కాలపు తర్కంతో మాట్లాడే పాత్ర మొదట్లో దూరంగా అనిపించినా ఎక్కువ కాలం నిలుస్తుంది.

నవల మూసిన తరువాత పాఠకుడు ఏమి చేస్తాడన్నదాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది. దీనా మాట్లాడిన నవల చదివి ఆదికాండము 34వ అధ్యాయం తెరిచినవాడికి ముప్ఫై ఒక్క వచనాలు కనిపిస్తాయి. ఇంతకుముందు చదివినప్పుడు అవి ఒక ప్రతీకార కథ. ఇప్పుడు అతడు ప్రతి వచనం చివరా ఆగి, ఆమె ఈ క్షణంలో ఏ గదిలో ఉందని వెతుకుతాడు. 26వ వచనంలో అన్నలు ఆమెను షెకెము ఇంటి నుంచి తీసుకుని బయటికి వెళ్లారని ఉంది. అంటే అంతవరకు ఆమె ఆ ఇంట్లోనే ఉందన్నమాట. గ్రంథం ఆ సంగతి అప్పటిదాకా చెప్పలేదు.